అంగడోని గ్లాసు

ఆదోనిలో ఖాదర్ సాబు మనవడు పెట్టిన మ్యూజియం గుమ్మం దగ్గర నా కాళ్ళు ఆగిపోయాయి. లోపలున్న పాత వస్తువుల వల్ల కాదు, వాటిని సర్దడానికి ఆ అబ్బాయి కొత్తగా చేయించిన చెక్క అల్మారాల వల్ల. వాటికి స్పిరిట్టులో లక్క కరిగించి పాలిష్ పట్టించాడు, అది ఇంకా పూర్తిగా ఆరలేదు. ఆ వాసన గుమ్మం దాకా వస్తోంది. యాభై దాటినదాన్ని, బళ్ళో పాఠాలు చెప్పి పిల్లల్ని గడగడలాడించినదాన్ని, చీర కుచ్చిళ్ళు గుప్పిట పట్టుకుని వెర్రిదానిలా అక్కడే నిలబడ్డాను. ఆ వాసన ఎక్కడ తగిలినా ఇప్పటికీ నేను చేసే పని ఒకటే. చుట్టూ ఉన్నవాళ్ళలో ఎవరైనా పట్టపగలు దీపం పెట్టమని అడుగుతున్నారేమోనని చెవులు రిక్కించి వింటాను. నవ్వుకునేవాళ్ళు నవ్వుకోవచ్చు, నా భయం నాది.

మ్యూజియం అంటే పెద్దగా ఊహించుకోకండి. పత్తి మిల్లుల వెనక సందులో ఖాదర్ సాబు పాత సీసాల గోడౌను ఉండేది, అందులో ముందరి గది ఒక్కటే సున్నం వేసి బాగుచేశారు. తెల్లదొరల కాలంలో మద్రాసు నుంచి రైలెక్కి వచ్చిన ద్రాక్షసారాయి సీసాలు, కడుపు లావుగా ఉండే పింగాణీ జాడీలు, ఈతకల్లు కుండలు, రాగి గరాట్లు, పీపాలకు లక్కముద్ర వేసే ఇత్తడి అచ్చులు, తుప్పుపట్టిన 'సారాయి అంగడి' రేకు బోర్డు, అన్నీ కలిపి ఈ ప్రాంతంలో మత్తు సరుకు ఎట్లా వచ్చింది, ఎట్లా అమ్ముడుపోయింది అని చెప్పడానికి ఆ అబ్బాయి పడ్డ తిప్పలు. కుడివైపు అల్మారాలో కింది అరలో, అంచు దగ్గర సొట్టపడిన ఇత్తడి గ్లాసు ఒకటి ఉంది. అది మా నాయనది. దాని గురించి చెప్పమనే నన్ను పిలిపించాడు.

మా ఇల్లు ఎమ్మిగనూరులో, మగ్గాల వీధి చివర. ముందు భాగం సారాయి అంగడి, వెనక భాగం మేముండే ఇల్లు, రెంటికీ మధ్య తలుపు లేదు, గోనెపట్టా తెర ఒకటి వేలాడుతుండేది. తెరకు అవతల మగవాళ్ళు, ఇవతల అమ్మ, నాయనను కన్న అవ్వ, నేను. తెల్లారేసరికి వీధి పొడుగునా మగ్గాలు టకటకలాడుతుండేవి. నూలుకు పట్టించే గంజి వాసన, రంగు బానల వాసన, పక్కింట్లో బొరుగుల ఉగ్గానికి వేసే పచ్చిమిరపకాయల తాలింపు ఘాటు, అన్నీ కలిసి గాలిలో వస్తూ వస్తూ మా గడప దగ్గరికి రాగానే సారాయి వాసనలో మునిగిపోయేవి. నా పావడాకు అదే వాసన, పలకకు అదే వాసన. బళ్ళో పిల్లలు నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్ళు కాదు, సారాయంగడి పాప అనేవాళ్ళు. మొదట్లో ఏడ్చాను గానీ తర్వాత అలవాటైపోయింది.

భయం లేని రోజులు కూడా ఉండేవి, లేవని అంటే అన్యాయం. పత్తి బండ్లు ఆదోనికి పోయే కాలంలో రోడ్డు పక్క తుమ్మకంపలకు దూది పింజలు చిక్కుకుని ఉండేవి, వాటిని ఒడి నిండా ఏరుకొచ్చి బొమ్మలకు పరుపులు కుట్టేవాళ్ళం. ఉగాదికి అమ్మ పూర్ణం పెట్టి చేసే ఓళిగల నెయ్యి మోచేతుల దాకా కారేది. పీర్ల పండుగకు ఖాదర్ సాబు ఇంటి నుంచి బెల్లమూ గసగసాలూ కలిపిన మలీదా మూటకట్టి వచ్చేది. తెరకు ఇవతల కూర్చుని అవ్వ అంగడికి కావలసిన గుగ్గిళ్ళు ఉడకేసేది, అలసంద వడలు తట్టేది, బొరుగుల్లో కారమూ ఎర్రగడ్డ ముక్కలూ కలిపేది, మధ్యమధ్యలో నా నోట్లో ఒకటి కుక్కేది. అవ్వకు రెండు కళ్ళకూ పొర కమ్మి చాలా ఏళ్ళయింది. వెలుతురూ నీడా తప్ప ఏమీ తెలియదు, అయినా నూనెలో వడ వేగిందో లేదో చప్పుడును బట్టి చెప్పేది. తక్కిన ఆడపిల్లలు గచ్చకాయలతో ఆడుకుంటుంటే నేను సీసా బిరడాలతో ఆడుకునేదాన్ని. వాటికి మా ఇంట్లో కొదవ లేదు కదా.

ఖాదర్ సాబు గురించి ఇక్కడే చెప్పాలి. ఆదోని నుంచి ఒంటెద్దు బండిలో వచ్చి అంగళ్ళలో ఖాళీ సీసాలు కొనుక్కుపోయేవాడు. తెల్ల గడ్డం, చెవిలో అత్తరు దూది, నోట్లో ఎప్పుడూ తమలపాకు. ఆయన జన్మలో చుక్క ముట్టినవాడు కాదు. మీది కూడా సారాయి వ్యాపారమే కదా అని మా నాయన ఎగతాళి చేస్తే, మాది ఖాళీ సీసాల బేరం, నిండు సీసాతో మాకు సంబంధం లేదని నవ్వేవాడు. నాకు నీలం సీసా, ఆకుపచ్చ సీసా తెచ్చి ఇచ్చేవాడు, వాటిలోంచి సూర్యుణ్ణి చూపించేవాడు. ఏ ఊళ్ళో ఏం జరిగినా మాకు ముందుగా తెలిసేది ఆయన బండి వల్లే.

ఇక మా నాయన. ఆదోనిలో ఉండే గుత్తేదారు వేలంలో అంగళ్ళు పాడుకునేవాడు, మా నాయన ఆయన కింద మా అంగడి నడిపేవాడు. అంగడీ ఇల్లూ ఒకటే కనుక అంగడి పోతే తలదాచుకునే చోటు కూడా పోతుంది. సరుకు చెక్క పీపాల్లో, మూతి మీద లక్కముద్రతో వచ్చేది. కొత్త పీపా తెరిచిన రోజు మా వైపు ఒక పద్ధతి ఉండేది, మా తాత కాలం నుంచీ ఉంది. నాయన కాళ్ళూ చేతులూ కడుక్కుని ముద్ర పగలగొట్టేవాడు. మొదట వచ్చిన నాలుగు చుక్కలు ఎల్లమ్మ తల్లి పేరు చెప్పి నేల మీద వదిలేవాడు. తర్వాత బండ మీద కొంచెం పోసి అగ్గిపుల్ల గీస్తే సన్నటి నీలం మంట లేచేది. ఆ తర్వాత ఈ ఇత్తడి గ్లాసు నిండా పట్టి, వచ్చినవాళ్ళందరూ చూస్తుండగా తను తాగి, గ్లాసు బోర్లించి, బెంచీ మీద కూర్చుని బీడీ ముట్టించేవాడు. ఆ బీడీ కాలిపోయేదాకా ఎవరికీ చుక్క పోయడు, ఎవరూ అడగరు. బీడీ అయిపోయాక మనిషి నిలకడగా లేచి నిలబడితే సరుకు మంచిదన్నమాట. దాన్నే అంగడోని గ్లాసు అనేవాళ్ళు. ఆ గ్లాసు తాగని అంగడివాడి దగ్గర మా వీధి మగ్గం మనుషులు నీళ్ళు కూడా తాగరు.

నేను తెర చిరుగులోంచి అంతా చూసేదాన్ని. నాయన గొంతు కిందికీ పైకీ ఆడుతుంటే నా గొంతూ ఆడేది. చెడ్డ సారాయి తాగితే ముందు కళ్ళు పోతాయని మా అమ్మ ఎవరితోనో అంటుండగా ఒకసారి విన్నాను. అప్పటి నుంచి నాకు నేనే ఒక పరీక్ష కనిపెట్టుకున్నాను. బీడీ అయిపోయి ఆయన లోపలికి రాగానే సూదీ దారమూ తీసుకుపోయి ఎక్కించి ఇమ్మనేదాన్ని. బొమ్మకు పరుపు కుడుతున్నానని చెప్పేదాన్ని. ఆయన దారం కొన నోట్లో తడిపి, ఒక కన్ను మూసి, సూది బెజ్జంలోకి దూర్చి ఇచ్చేవాడు. అప్పటికి గాని నాకు అన్నం సహించేది కాదు. ఇన్ని పరుపులు ఎవరికే అని అమ్మ విసుక్కునేది గానీ నాయన ఒక్కసారి కూడా ఎందుకని అడగలేదు.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు, నడి ఎండాకాలంలో, ఖాదర్ సాబు బండి మామూలుగా రాని రోజున వచ్చింది. ఆయన సీసాలు అడగలేదు. వెనక గుమ్మం దగ్గర కూర్చుని చెంబెడు నీళ్ళు తాగి, ఆదోని రోడ్డులో ఒక పల్లెలో జరిగిన సంగతి అమ్మతో చెప్పాడు. ఎవరో సారాయిలో చెక్కలకు పూసే స్పిరిట్టు కలిపి అమ్మారట. తాగినవాళ్ళలో కొందరు చచ్చిపోయారట, కొందరికి చూపు పోయిందట. ఆ పల్లె అంగడి కూడా మా గుత్తేదారుదే. అంగడివాడు గ్లాసు తాగలేదా అని అమ్మ అడిగింది. తాగాడట, బీడీ కూడా కాల్చాడట, లేచి నిలబడ్డాడట.

"సాయంత్రం తాగినారు తల్లీ. ఇంటికి పోయినారు, రొట్టె తిన్యారు, పండుకున్యారు. ఏం కాల్యా. మర్నాడు ఎండెక్కినంక అరుగు మీద కూసోని, ఇంత సీకటైతాంటే దీపం పెట్టరేమని ఇంట్లోవాళ్ళను తిడతాండారంట."

ఆ మాట నేను బియ్యం బస్తా వెనక నిలబడి విన్నాను. పట్టపగలు ఎండలో కూర్చుని దీపం పెట్టమనే మనుషులు. దయ్యాల కథలు, తోడేళ్ళ కథలు మా అవ్వ ఎన్నో చెప్పింది, ఒక్కదానికీ నేను అట్లా వణకలేదు. అంతకంటే ఘోరం ఇంకొకటి ఉంది. విషం మర్నాటికి గాని బయటపడదంటే, మా తాత నుంచి వచ్చిన బీడీ లెక్క ఉత్తదన్నమాట. నాయన ఇన్నాళ్ళూ లేచి నిలబడినప్పుడల్లా అందరూ ధైర్యం తెచ్చుకున్నది ఉత్త పొగ చూసి. నా సూది కూడా ఉత్తదే.

రెండు రోజులు అంగడిలోకి ఒక్క మనిషి రాలేదు. మూడో రోజు గుత్తేదారు ఏజెంటు జీపులో వచ్చి కొత్త పీపా దింపించాడు. దాని లక్కముద్ర ఒక పక్క చిట్లి ఉంది. దారిలో గతుకులకు చిట్లిందన్నాడు. అంగడి తెరవాల్సిందేనని, తెరవకపోతే తెరిచేవాణ్ణి తాను చూసుకుంటానని చెప్పి వెళ్ళిపోయాడు. అమ్మ తెర పట్టుకుని, పీపా తిప్పి పంపమని నాయనను బతిమాలింది. తిప్పి పంపితే మన సామాను వీధిలో ఉంటుందన్నాడు నాయన. పోనీ, తెరిచి అమ్ము, నువ్వు మాత్రం తాగొద్దంది.

"నేను తాగనిది ఇంగొకనికి ఎట్ల పొయ్యాల?" అన్నాడు.

అమ్మకు సారాయి అంటే అసహ్యం, ఆ అంగడి అంటే అసహ్యం, ఆ మాటకు మాత్రం ఎదురు చెప్పలేకపోయింది.

మర్నాడు పొద్దున్నే వీధి వీధంతా మా అంగడి ముందు చేరింది. తాగడానికి కాదు, చూడడానికి. మగ్గాలన్నీ ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దం నాకు కొత్త, ఆ వీధిలో పుట్టి పెరిగినదాన్ని, పగటిపూట మగ్గం చప్పుడు లేకుండా ఎన్నడూ వినలేదు. నాయన కాళ్ళూ చేతులూ కడుక్కున్నాడు. ముద్ర పగలగొట్టాడు. చుక్కలు నేల మీద వదిలి, బండ మీద మంట వెలిగించాడు. మంట నీలంగానే ఉంది. కానీ నాకు తెర వెనకాలకు సారాయి వాసన కాకుండా, ఆదోనిలో ఖాదర్ సాబు గోడౌనుకు పోయినప్పుడు పక్కన వడ్రంగులు బీరువాలకు పూస్తుంటే పీల్చిన పాలిష్ వాసన వచ్చింది. నిజంగా వచ్చిందో, భయపడి నేనే కల్పించుకున్నానో ఈనాటికీ తేల్చుకోలేను. నాయన గ్లాసు పట్టి ఎత్తబోతుండగా నా పక్కనుంచి ఎవరో తోసుకుంటూ పోయారు. మా అవ్వ.

అవ్వ ఆ తెర దాటి అంగడిలోకి పోవడం నేను ఎన్నడూ చూడలేదు. మా ఇంటి ఆడవాళ్ళు అటు పోరు. చేతులు ముందుకు చాపి, బెంచీ తడుముకుంటూ, నాయన గొంతు వినిపించిన వైపు నడిచి, ఆయన చెయ్యి దొరకబుచ్చుకుని గ్లాసు లాక్కుంది.

"నా కండ్లు ఎట్లాగూ పోయినాయి. ఇంగ పోయేదేముంది? నా బిడ్డ కండ్లు నాకు కావాల" అని, ఎవరూ ఆపేలోపల గటగటా తాగేసింది. జన్మలో చుక్క ముట్టని మనిషి, దగ్గు తెరలు తెరలుగా వచ్చి నేల మీద కూలబడింది.

నాకైతే అవ్వ దేవతలా కనిపించింది. నాయన బయటపడ్డాడని గుండె తేలికపడింది కూడా. అప్పుడు నరసప్ప అని వీధిలో అందరికంటే పెద్ద నేతగాడు, చెడ్డవాడు కాదు, చాలా నెమ్మదిగా అన్నాడు.

"అవ్వా, నీకు ముందే కనపడదు గదా. కండ్లు పోయినాయో, ఉండాయో మాకెట్ల తెలిసేది?"

మా అవ్వ ముఖం అప్పుడెట్లా మారిందో నేను మరిచిపోలేదు. ఆమెకు ఆ సంగతి తట్టనే లేదు. కొడుకు కళ్ళు కాపాడాలన్న ఆరాటంలో, తన కళ్ళు సాక్ష్యానికి పనికిరావని మరిచిపోయింది. మాకు కూడా తట్టలేదు, అమ్మకూ నాకూ. నాయన వంగి తల్లిని లేవనెత్తి బెంచీ మీద కూర్చోబెట్టాడు, నోరు తుడిచాడు, గ్లాసు మళ్ళీ నింపి, నిలబడే తాగాడు. బీడీ ముట్టించాడు. కానీ పల్లె సంగతి అప్పటికి అందరికీ తెలిసిపోయింది కనుక, బీడీ కాలిపోయినా ఎవరూ ముందుకు రాలేదు. రేపు పొద్దున చూద్దామప్పా అని నరసప్ప అందరి తరఫునా చెప్పాడు. అట్లా ఒకరి బదులు ఇద్దరు చిక్కుకున్నారు, రేపటిదాకా చేయగలిగిందేమీ లేదు.

ఆ పగలు ఎంత పొడుగ్గా గడిచిందో. అమ్మ ఇద్దరికీ మజ్జిగ మీద మజ్జిగ పోసింది, నిమ్మకాయలు పిండింది, చేతనైన మొక్కులన్నీ మొక్కింది. నాయన నులక మంచం మీద పడుకున్నాడు. వీధిలోంచి మనిషి తర్వాత మనిషి వచ్చి గుమ్మంలో నిలబడి, అప్పా, నేనెవరో చెప్పు అని అడగడం, నాయన పేరు చెప్పడం, వాళ్ళు సంతోషపడి పోవడం. ఒకాయన కొన్ని వేళ్ళు ముడిచి ఎన్ని అని అడిగాడు. కాసేపు ఓర్చుకుని, గొంతు విని కూడా చెప్పొచ్చు కదరా, మీ పరీక్ష తగలెయ్య అని నాయన విసుక్కుంటే అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. సూదిని పావడా అంచుకు గుచ్చుకుని, దారం వేలికి చుట్టుకుని మంచం కోడు పక్కనే కూర్చున్నాను. ఎప్పుడూ పరుగున పోయి అడిగేదాన్ని, ఆ రోజు అడగడానికి ధైర్యం చాలలేదు. అడిగితే, దారం బెజ్జం పక్కనుంచి పోతే? అవ్వ గోడకు ఆనుకుని కూర్చుంది.

పొద్దు వాలే వేళ నాయన మంచం మీద లేచి కూర్చున్నాడు. కళ్ళు నులుముకున్నాడు.

"దీపం పెట్టు పాపా, సీకటైతాంది" అన్నాడు.

వంటింట్లో అమ్మ చేతిలోంచి గిన్నె జారి పడింది. అప్పటికి దీపాల వేళ కాలేదు, కాలేదని నాకు తెలుసు. ఆయన ముఖం వైపు చూడలేక గుడ్డిదానిలా వీధిలోకి పరిగెత్తాను. చూస్తే వీధి లేదు. ఆదోని వైపు నుంచి ఎర్రటి దుమ్ము గోడలా లేచి వచ్చి మిద్దెలనూ మనుషులనూ కమ్మేసింది, ఆకాశం ఇటుక రంగుకు తిరిగింది, ఎదురింట్లో అప్పటికే లాంతరు వెలిగించారు. నిజంగానే చీకటి పడింది. నాయనకే కాదు, అందరికీ పడింది. నోటి నిండా దుమ్ముతో ఆ నడివీధిలో నిలబడి, చీకటి వచ్చినందుకు నేను వెక్కి వెక్కి ఏడ్చాను. అవ్వ మాత్రం ఆ గొడవంతటికీ తల ఎత్తలేదు. ఆమె ఏడాది పొడుగునా దీపం పెట్టమని అడిగే మనిషే కనుక, ఆమె అడిగినా అడగకపోయినా మాకు తెలిసేది ఏమీ లేదు.

ఆ రాత్రి సంగతి రాయడానికి ఏమీ లేదు, ఎవరమూ నిద్రపోలేదు, అంతే. తెల్లారి ఎండ వెనక గుమ్మం మీద పడింది. నాయన అక్కడ కూర్చుని వేపపుల్ల నములుతున్నాడు. నేను పోయి సూదీ దారమూ చాపాను. సూది నా చేతిలోంచి జారి కింద పడింది. ఆయన వంగి, మట్టిలోంచి ఆ సూదిని రెండు వేళ్ళతో ఏరి తీశాడు. వేపపుల్ల పక్కన పెట్టి, దారం కొన తడిపి, ఒక కన్ను మూసి, ఒక్కసారికే ఎక్కించాడు. సూది నా చేతిలో పెట్టి, నా ముఖంలోకి చాలాసేపు చూశాడు. ఇంగ పోయి ఆడుకోపో అన్నాడు.

వీధిలో మగ్గాలు మళ్ళీ మొదలయ్యాయి. మధ్యాహ్నానికి అంగడి నిండిపోయింది. అవ్వకు మునుపు ఎంత తెలిసేదో అంతే తెలుస్తోందని తేల్చుకోవడానికి మాత్రం మాకు చాలా రోజులు పట్టింది. ఆమె నరసప్పతో ఆ ఏడాదంతా మాట్లాడలేదు, ఆయన వస్తున్నాడని తెలిస్తే వడల్లో ఉప్పు ఎక్కువ వేసేది. కొత్త పీపా తెరిస్తే మర్నాటిదాకా ఆగాలని వీధిలో పెద్దలు తీర్మానించారు. వానలు పడేదాకా ఆగారు. ఆ తర్వాత ఓపిక తగ్గి మళ్ళీ బీడీ దగ్గరికే వచ్చారు. నాయన తాగుతూనే ఉన్నాడు, నేను సూది చాపుతూనే ఉన్నాను.

నేను హైస్కూలుకు వచ్చేసరికి పీపాలు పోయి ప్లాస్టిక్ పాకెట్లలో సర్కారు సారాయి వచ్చింది. పళ్ళతో కొరికి నోట్లో పిండుకోవడమే, ముద్ర పగలగొట్టేది లేదు, మంట వెలిగించేది లేదు. అంగడోని గ్లాసు ఎవరికీ అక్కరలేకపోయింది. ఇక నాయనకు గండం తప్పిందనుకున్నాను. కానీ పొద్దున అంగడి తెరిచే ముందు ఆ గ్లాసు పడకపోతే ఆయనకు ఒంట్లో స్థిమితం ఉండేది కాదు. పాకెట్టు కత్తిరించి గ్లాసులోకే పోసుకునేవాడు, ఎవరూ చూడకపోయినా. పీపాల రోజుల్లో నెలకు రెండు మూడుసార్లు ఉన్నది రోజూ అయింది. కాళ్ళు వాచాయి, పొట్ట ఉబ్బింది, కళ్ళు పసుపు రంగుకు తిరిగాయి. చెడ్డ పీపా ఒక్కటి వచ్చి మా నాయనను తీసుకుపోతుందని నేను చిన్నప్పుడంతా వణికాను. అట్లాంటిది ఒక్కటీ రాలేదు. మంచివే వచ్చాయి, అన్నీ మంచివే. ఆ మంచి సరుకే ఆయన్ను తినేసింది.

ఆదోని ఆస్పత్రిలో చూపించడానికి తీసుకుపోయినప్పుడు ఖాదర్ సాబు మమ్మల్ని తన గోడౌను పక్క గదిలో ఉంచుకున్నాడు. అవ్వ అప్పటికి పోయింది. ఒక సాయంత్రం నాయన గోడకు ఆనుకుని కూర్చుని, నన్ను పిలిచి, సూదీ దారమూ తెమ్మన్నాడు. నేను అడగకుండా ఆయనే అడగడం అదే మొదలు. తెచ్చి ఇచ్చాను. దారం తడిపాడు, ఒక కన్ను మూశాడు. వేళ్ళు గడగడా వణుకుతున్నాయి. దారం బెజ్జం పైనుంచి, కిందినుంచి, పక్కనుంచి పోయింది గానీ లోపలికి పోలేదు. చాలాసేపు ప్రయత్నించి, రెండూ నా చేతిలో పెట్టేశాడు.

"కండ్లు బాగనే ఉండాయి పాపా, భయపడొద్దు. సెయ్యే మాట ఇనల్యా."

ఇన్నేళ్ళూ సూది ఎందుకో ఆయనకు తెలుసునని అప్పుడు తెలిసింది నాకు. ఆయన ముందు ఏడవకూడదని సీసాల గుట్టల వెనకకు పోయి ఏడ్చాను. తిరిగి వచ్చేసరికి సంచీలోంచి ఇత్తడి గ్లాసు తీసి ఖాదర్ సాబుకు ఇస్తున్నాడు. ఇది ఖాళీదే కదా సాబూ, నీ సరుకే అన్నాడు. సాబు దాన్ని రెండు చేతులతో తీసుకుని కళ్ళు దించుకున్నాడు. ఆ వానాకాలం దాటకుండానే నాయన పోయాడు. ఆఖరి రోజు దాకా ఆయనకు అందరూ కనిపిస్తూనే ఉన్నారు.

సాబు మనవడు గ్లాసు తీసి నా చేతికిచ్చాడు. వాసన చూశాను. ఏమీ లేదు. కంపు పోవాలని చింతపండు పెట్టి తోమానని ఆ అబ్బాయి గొప్పగా చెప్పాడు. మగ్గాల వీధిలో మా అంగడి ఉన్న చోట సెల్‌ఫోన్లు బాగుచేస్తున్నారు. వీధిలో మగ్గాలు చాలా మటుకు ఆగిపోయాయి. పీపాలు ఏ పొయ్యిలో కట్టెలయ్యాయో ఎవరికీ తెలియదు. బీడీ కాలేంతసేపు ఓపికగా కూర్చునే మనుషులూ లేరు, పోసేది ముందు తాను తాగి చూపించేవాడూ లేడు. గ్లాసు కింద పెట్టే అట్టముక్క మీద ఏం రాయమంటావక్కా అని ఆ అబ్బాయి అడిగాడు. తాగినవాడి పేరు రాయమన్నాను. నాయన పేరు చెబితే రాసుకున్నాడు. తర్వాత అవ్వ పేరు కూడా రాయించాను.

ఇంకా ఏదో చెప్పబోతుండగా ఆ అబ్బాయి గోడ మీది స్విచ్చు వైపు చెయ్యి చాపాడు.

"లైటెయ్యాల్నా అక్కా? సీకటైంది" అన్నాడు.

ముందు గుమ్మం దాకా నడిచి, తల బయటికి పెట్టి చూశాను. సందులో ఎండ లేదు. మిల్లు గోడ మీద కూడా లేదు. ఎదురింటి వాళ్ళు అప్పటికే లైటు వేసుకున్నారు.

"ఎయ్యప్పా" అన్నాను.